మేడ మీది వాటా ఖాళీ అయింది, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మేడ మీది వాటా తాళాలు నా చేతికి వచ్చాయి. రాత్రంతా కన్ను మూతపడలేదు. కీళ్లు పట్టేశాయి, కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఈ రోజే రాయాలి. నాలుగు రోజులు ఆగితే ఇంటి పనుల్లో పడిపోతాను, ఎవరికి ఏమి చెప్పాలో మనసులో ఇంత పచ్చిగా ఉండదు.

మాది నెల్లూరు వేదాయపాళెం. మా వారు ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. ఈ ఇంటి కోసం రొట్టెల పండుగప్పుడు స్వర్ణాల చెరువులో దిగి, సొంతిల్లు కావాలని మొక్కుకుని సొంతింటి రొట్టె పట్టుకున్నవాళ్లం మేము. ఇల్లు పూర్తయ్యాక మళ్లీ అదే నీళ్లలో నిలబడి మరొకరికి రొట్టె ఇచ్చి వచ్చాము. కింద మేము, పైన అద్దె. ఆయన పోయాక పింఛను సగమైంది, నా మందులకు, ఇంటి పన్నుకు ఆ అద్దె ఆధారం. నెలకు 7,500 రూపాయలు. కొందరికి అది పెద్ద మొత్తం కాకపోవచ్చు. నాకు అదే బతుకు.

అద్దెకు వచ్చిన కుటుంబం మొదట్లో మంచిగానే ఉంది. మా వారు ఉన్నన్నాళ్లూ అద్దె టంచనుగా ఇచ్చేవారు. ఆయన పోయిన తరువాత ఒక నెల ఆగింది, పని పోయిందన్నాడు, సరేనన్నాను. చిన్నపిల్ల ఉన్న ఇల్లు, ఎవరికైనా కష్టం వస్తుంది. ఆ తరువాత నెలలు గడుస్తున్న కొద్దీ మాట మారింది. ఇస్తానన్నవాడు ఇవ్వలేనన్నాడు, ఇవ్వలేనన్నవాడు ఖాళీ చేయనన్నాడు, చివరికి మెట్ల మీద నిలబడి, "చేతనైతే కోర్టులో తేల్చుకోండి" అన్నాడు. పదకొండు నెలలకు రాసుకున్న ఒప్పందం గడువు ఎప్పుడో దాటిపోయింది. పై వాటా కరెంటు మీటరు ఇప్పటికీ మా వారి పేరునే ఉంది కాబట్టి ఆ బిల్లు బాకీ కూడా నా మెడకే చుట్టుకుంది. వాళ్ల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటూ కింద నేను లైటు తీసేసి కూర్చున్న రాత్రులు ఉన్నాయి.

పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. ఇది సివిల్ వివాదం, మేము కలగజేసుకోకూడదు అన్నారు. అది నిజమే కావచ్చు. మరి ఎవరు కలగజేసుకోవాలి? ఆ ఒక్క మాట అక్కడ ఎవరూ చెప్పలేదు. ఒక లాయరుగారి ఆఫీసులో అడిగితే నా ఏడాది మందుల ఖర్చు కంటే ఎక్కువ ఫీజు చెప్పి, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేమన్నారు. చుట్టాల్లో ఒకరు తాళం పగలగొట్టించి సామాను వీధిలో పెట్టించమన్నారు, మరొకరు నీళ్లు ఆపేయమన్నారు. అన్నిటికంటే నన్ను కుంగదీసినది వీధిలో ఒకావిడ అన్న మాట. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందట కదా అని. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు అసలు మనిషి గురించి చెప్పాలి. ఆయన పేరు రాయవద్దన్నారు, రాయను. కోర్టు గేటు దగ్గర వేపచెట్టు కింద బల్ల వేసుకుని టైపు కొడతారు. అర్జీలు, అఫిడవిట్లు, నోటీసులు. లాయరు ఫీజు భరించలేక, కనీసం ఒక నోటీసయినా టైపు చేయించుకుందామని నేను ఆయన దగ్గరకు వెళ్లాను. నాలుగు వాక్యాలు చెప్పేసరికి ఆయన మిషను మీద నుంచి చేతులు తీసేశారు.

"నోటీసు తరువాత చూద్దాం అమ్మా. ముందు మీ దగ్గర ఏ కాగితాలు ఉన్నాయో చూపించండి."

సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పోశాను. పాత ఒప్పందం, బ్యాంకు పాసుపుస్తకం, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రశీదులు, మా వారి డైరీలు. గాలికి ఎగిరిపోకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో రాయి పెట్టి, తేదీల వారీగా పేర్చడం మొదలుపెట్టారు. చిన్న గిన్నెలో తడి స్పాంజి, దానికి వేలు అద్దుకుంటూ ఒక్కో పేజీ తిప్పారు. పాసుపుస్తకంలో అద్దె జమైన చోటల్లా పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టారు. మా వారికి ప్రతి నెలా డైరీలో "పై వాటా అద్దె ముట్టింది" అని రాసుకునే అలవాటు. ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఆ మాటలు నెల నెలా వస్తూ వస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాయి. ఆ తరువాత అంతా తెల్ల కాగితమే. టైపు ఆయన వేలు అక్కడే ఆగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అప్పుడేనా అమ్మా, సారు పోయింది?" అన్నారు.

అంతే. నడిరోడ్డు మీద, కోర్టుకు వచ్చీ పోయే జనం మధ్య, నేను ఏడ్చేశాను. ఇన్ని నెలలుగా అద్దె గురించి, ఇంటి గురించి, ఒప్పందం గురించి అందరూ అడిగారు. ఆయన గురించి ఎవరూ అడగలేదు. టైపు ఆయన నన్ను ఊరుకోమని అనలేదు. తన కుర్చీ నా వైపు జరిపి, నిలబడే ఆ పట్టిక రాయడం పూర్తి చేశారు. ఏ నెల అద్దె ఎంత, ఏ తేదీన ముట్టింది, ఎంత బాకీ, అన్నీ ఒక్క కాగితం మీద. నా గుండెలో ఏడాదిగా కలగాపులగంగా తిరుగుతున్నదంతా ఆ కాగితం మీద నాలుగు గడుల్లో ఒదిగిపోయింది.

ఆయన చెప్పినవి కొన్ని ఇక్కడ రాస్తాను, నాలాంటి వాళ్లకు పనికొస్తాయి. పన్నెండేళ్ల భయం పెట్టుకోవద్దన్నారు. మన అనుమతితో అద్దెకు వచ్చినవాడు అద్దెకు ఉన్నంత కాలం మన ఇంటిని తనదనలేడు. తాళం వేయడం, నీళ్లూ కరెంటూ ఆపడం మాత్రం చేయవద్దని గట్టిగా చెప్పారు. బలవంతంగా బయటకు నెడితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద అతను ఆరు నెలల లోపల కోర్టుకు వెళ్లి మళ్లీ లోపలికి రావచ్చు, ఇల్లు మనదే అయినా సరే. నెలవారీ అద్దెకు ఉన్నవారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు పోస్టులో, అందినట్లు సంతకం వచ్చేలా పంపాలి. తీసుకోనని తిప్పి పంపినా, తిరస్కరించారని పోస్టుమ్యాన్ రాసిన ఆ కవరు చించకుండా దాచుకోవాలి. నోటీసు తరువాత అద్దె డబ్బు ఏమైనా ఇస్తే, హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నానని రశీదులో రాయాలి. ఇవన్నీ నేను మళ్లీ మళ్లీ అడిగాను. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్లే చెప్పారు.

మధ్యాహ్నమైంది. పొద్దున ఏమైనా తిన్నారా అని అడిగారు. తిన్నానన్నాను. ఆయన నమ్మలేదు. డబ్బా తీసి, మూతలో సగం పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టి నా ముందుకు జరిపారు. తిన్నాను. సిగ్గుపడలేదు.

అప్పుడు ఒక మాట చెప్పారు, నా కేసు మలుపు తిరిగింది అక్కడే. "అమ్మా, మీరు లాయరుకు డబ్బు కట్టనక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంతని కూడా అడగకూడదు, చట్టంలోనే ఉంది." 1987 నాటి చట్టమట. నలభై ఏళ్లు కావస్తున్నాయి, నేను ఆ మాట వినడం అదే మొదలు. బయట ఇద్దరు ముగ్గురు టైపు పని కోసం నిలబడి ఉన్నారు. వాళ్లకు పావుగంటలో వస్తానని చెప్పి, మిషను మీద గుడ్డ కప్పి, నా సంచి తనే పట్టుకుని ఆ ఆఫీసు దాకా నడిపించారు. అక్కడ ఉన్నవారికి నా విషయం క్లుప్తంగా చెప్పి, కాగితాలకు ట్యాగు కట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అప్పుడు వెళ్లారు.

డబ్బు ఎంతని అడిగితే కాగితాల ఖర్చు మాత్రం తీసుకున్నారు. అదీ ఎందుకు తీసుకున్నారంటే, "ఏమీ తీసుకోకపోతే మీరు మళ్లీ రావడానికి మొహమాటపడతారు" అన్నారు. ఈ మాట నేను నా పిల్లలకు, మనవలకు చెబుతాను. సాయం పొందినవాళ్లు తల దించుకోకుండా చూసుకోవడం కూడా సాయంలో భాగమని ఆయనకు ఎవరు నేర్పారో గానీ, వాళ్లకు కూడా నా నమస్కారం.

తరువాత అంతా ఆ సంస్థ చూసుకుంది. కేసు వేయకముందే రాజీ కోసం లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టారు, పైసా ఖర్చు లేదు. నా తరఫున ఇచ్చిన లాయరమ్మ చాలా చిన్న వయసు, నా మనవరాలి ఈడు ఉంటుంది. అద్దెకున్నతను మొదట పిలిచినప్పుడు రాలేదు, మళ్లీ నోటీసు వెళ్లాక వచ్చాడు. రాకపోతే ఎవరూ లాక్కురాలేరని, అప్పుడు దావా వేయాల్సిందేనని, ఆ దావాకు కూడా లాయరును వాళ్లే ఇస్తారని ముందే చెప్పి నన్ను సిద్ధం చేశారు. చివరికి అడ్వాన్సు బాకీలో మినహాయించుకుని, మిగిలినదాంట్లో సగం వాయిదాల్లో ఇచ్చేటట్లు, గడువు లోపల ఖాళీ చేసేటట్లు సంతకం పెట్టాడు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడి రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మిగతా సగం వదులుకున్నాను. సంతోషంగా వదులుకోలేదు. కానీ ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఓపిక నాకు లేదు.

మా అబ్బాయి బెంగళూరు నుంచి, అమ్మాయి కావలి నుంచి వచ్చారు, మా తమ్ముడు కోవూరు నుంచి ఎన్నోసార్లు తిరిగాడు. వాళ్లకు వేరే చెప్పేదేముంది, మన వాళ్లు.

ఒక్క విషయం మాత్రం రాయకపోతే నా మనసు ఊరుకోదు. ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారని పోలీసు స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో ఎందుకు రాయరు? సచివాలయంలో ఎందుకు చెప్పరు? ఫోను చేయడానికి 15100 అని నంబరు ఉంది, మా వీధిలో ఒక్కరికీ తెలియదు. నన్ను వెనక్కి పంపినవాళ్లంతా ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, జీతాలు తీసుకుంటున్నవాళ్లు. దారి చూపినది మాత్రం పేజీకి ఇంత అని టైపు కొట్టుకుని బతికే మనిషి. భర్త పోయిన ఆడది పెళుసు గాజులా చేతికి తగిలితే చాలు పగులుతుందని అద్దెకున్నవాడికి తెలుసు, ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు తెలియదా? నా బాధ ఎవరి మీదా కోపంతో కాదు. నా వెనక ఇంకా ఎంతమంది ఇలా గుమ్మం గుమ్మం తిరుగుతున్నారో అన్నదే బాధ. మీకు తెలిసినవారు ఎవరైనా ఉంటే ఈ నంబరు వాళ్లకు చెప్పండి, చాలు.

ఇంకా కొందరిని మరిచాను. జిరాక్స్ కొట్టు అబ్బాయి, మసకగా వచ్చిన డైరీ పేజీలకు మళ్లీ తీసి ఇచ్చి రెండోసారి డబ్బు తీసుకోలేదు. ఎదురింటి కోడలు, నేను కోర్టుకు వెళ్లిన రోజుల్లో ఇంటి మీద కన్ను వేసి ఉంచింది. లోక్ అదాలత్‌లో కూర్చున్న జడ్జిగారు నన్ను నిలబెట్టకుండా కూర్చోమని చెప్పి మాట్లాడించారు. మా బీటు పోస్టుమ్యాన్, ఆ నోటీసు పట్టుకుని అద్దెకున్నతను ఇంట్లో ఉండే వేళ చూసి వచ్చాడు. వేదాయపాళెం స్టాండులో ఆటో నడిపే నాయన, తిరిగి వచ్చేదాకా కాచుకుని ఉండి వెయిటింగ్ డబ్బులు అడగలేదు.

లాయరమ్మకు చీర పెట్టబోతే తీసుకోలేదు, కాబట్టి ఇక్కడే చెబుతున్నాను: తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి.

అద్దెకు ఇస్తారా అని ఉదయం నుంచి ఇద్దరు అడిగారు. ఇప్పుడే కాదు. పైన పంపులు కారుతున్నాయి, గోడలకు సున్నం వేయించాలి, కరెంటు మీటరు నా పేరుకు మార్పించుకోవాలి. ఆ మార్పు అర్జీ కూడా వేపచెట్టు కిందనే టైపు చేయించుకుంటాను.

అయ్యో, తాళాలు ఇచ్చే వేళ సాక్షులుగా వచ్చి నిలబడిన మేస్త్రీ గారిని, ఆయన భార్యను రాయనేలేదు. మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.