ముందు ఇల్లా, ముందు బొమ్మా?

హనుమకొండ

ప్రియ మిత్రమా,

భూకంపంలో కూలిన ఊరికి ముందు ఇళ్లు కావాలి గానీ బొమ్మలూ కళలూ ఎందుకని ఫోనులో నీవు అడిగినదానికి తీరికగా జవాబు రాస్తున్నాను. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు మన ఇళ్లలో గిన్నెలు కదిలి ఊరుకున్నాయి కాబట్టి ఈ ప్రశ్న మనకు చర్చగా మిగిలింది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ వాసులకు ఆ అదృష్టం లేదు.

2011 ఫిబ్రవరి 22న అక్కడ వచ్చిన భూకంపంలో 185 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డుకు కంచె వేశారు, దెబ్బతిన్న భవనాలను కూల్చివేశారు, ఎటు చూసినా ఖాళీ జాగాలే మిగిలాయి. ‘గ్యాప్ ఫిల్లర్’ అనే బృందం ఒక ఖాళీ జాగాలో నృత్యానికి నేల పరచి, లాండ్రీల్లో వాడే పాత వాషింగ్ మిషన్‌ను తెచ్చిపెట్టింది. అందులో నాణెం వేసి, మనకు నచ్చిన పాటను మన ఫోను నుంచే పెట్టుకుంటే స్పీకర్లు మోగుతాయి, వచ్చినవాళ్లు ఆడతారు. ఆ ఖాళీ జాగాల్లో చేసిన కళాప్రయత్నాలన్నింటిలో నాకు నచ్చినది ఇదే, ఎందుకంటే చూసేవాడు, చేసేవాడు వేరువేరుగా లేరు. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

మొదటి వర్ధంతి సమయానికి పీటర్ మజెండీ అనే కళాకారుడు ఒకదానితో ఒకటి పోలని 185 కుర్చీలకు తెల్లరంగు వేసి ఖాళీగా వరుసల్లో నిలిపాడు. ఆర్ట్ గ్యాలరీ గోడ మీద ‘అంతా బాగవుతుంది’ అన్న అర్థంలో వెలిగే నియాన్ అక్షరాలు మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు కాస్త చవకగా తోచాయి.

భూకంపంలో దెబ్బతిన్న కెథడ్రల్‌కు, అంటే నగరంలోని ప్రధాన చర్చికి, బదులు జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్ అట్ట గొట్టాలతో కట్టిన చర్చి 2013లోనే తెరుచుకుంది. అసలు కెథడ్రల్‌ను కూల్చాలా, నిలబెట్టాలా అన్న వాదం ఏళ్లపాటు సాగి, చివరకు మొదలైన పునరుద్ధరణ పనులు డబ్బు చాలక 2024లో ఆగిపోయాయి. అందుకే తాత్కాలికమైనదాన్ని చిన్నచూపు చూడవద్దంటున్నాను.

మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే, తిరిగి నిలబెట్టి తెరిచింది 2024లో. అన్నేళ్లూ ఆ రాళ్ల నడుమ మన పిల్లల చేత బొమ్మలు గీయించి ఉంటే పనులు ఆలస్యమయ్యేవా? డ్రాయింగ్ మాస్టారువి కనుక నిన్నే అడుగుతున్నాను. వాదన మానక వెంటనే జవాబు రాయి.

నీ మిత్రుడు