కొత్త పుట్టగొడుగు ఫొటో పంపే ముందు

సభ్యులకు మనవి. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో జాతి తేల్చలేం. టోపీ అడుగున మొప్పలు (పలుచని రేకులు) ఉన్నాయా, రంధ్రాలా, మొప్పలు కాడకు అంటుకున్నాయా, విడిగా ఉన్నాయా అన్నది కనపడాలి. కాడను లాగి పీకకండి. చాకుతో చుట్టూ మట్టి తవ్వి మొదలంటా తీయండి. అమానిటా జాతి పుట్టగొడుగుల అడుగున ఉండే సంచిలాంటి తొడుగు, చెదపుట్టల మీద మొలిచే టెర్మిటోమైసిస్‌కు ఉండే పొడవాటి వేరులాంటి భాగం మట్టిలోనే ఉండిపోతే గుర్తింపు అక్కడే తప్పుతుంది.

లేతది, ముదిరినది రెండూ తీసుకోండి. ఒకదాన్ని నిలువునా కోసి, రంగు మారుతుందేమో పది నిమిషాలు చూడండి. వాసన అప్పుడే రాసుకోండి.

సిద్ధబీజాల ముద్ర (టోపీ అడుగు నుంచి రాలే పొడి కాగితంపై వేసే గుర్తు) తప్పనిసరి. కాడ కోసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితంపై మొప్పలు కిందికి ఉండేలా టోపీని పెట్టి, గిన్నె బోర్లించి 6 నుంచి 12 గంటలు వదిలేయండి. తెల్లటి ముద్ర తెల్ల కాగితం మీద కనపడదు, అందుకే రెండు రంగులు. మరీ లేత టోపీ ముద్ర వేయదు. విషపూరితమైన క్లోరోఫిల్లం మొలిబ్డైటిస్ మొప్పలు లేతప్పుడు తెల్లగానే ఉంటాయి, ముద్ర మాత్రం ఆకుపచ్చగా పడుతుంది. ఫొటో చూసి ఇక్కడ చెప్పే పేరు తినడానికి హామీ కాదు, దయచేసి ఎవరూ తినకండి.

ప్లాస్టిక్ సంచి వద్దు, చెమర్చి కుళ్లుతుంది. కాగితం సంచి వాడండి. నమూనాను 40 డిగ్రీల దగ్గర, పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టండి. వేడెక్కువై ఉడికితే డీఎన్ఏ దెబ్బతింటుంది.