మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక: కడప నవ్వులకు ఒక నవల

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో ముందుగా చెప్పుకోవాల్సింది గొలుసు నవల, అంటే తలా ఒక అధ్యాయం రాసే నవల, సంగతి. ప్రేమ, ఉద్యోగం, కుటుంబం మూడూ కలిసి నడిచే హాస్య నవలను, ఈ కాలపు కడపను పెట్టి మనమే రాయాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. రాయలసీమ సాహిత్యమంటే కరువు, కక్షలు అనే మాట బయటివాళ్లదే కాదు, మన పిల్లల నోట కూడా వినబడుతోంది. కరువు గురించి రాయాల్సిందే. రాసినవాళ్లు గొప్పగా రాశారు. కానీ ఇదే నేల మీద పెండ్లిచూపులూ జరుగుతున్నాయి, ఆఫీసులో చీవాట్లు తిన్న కొడుకు ఇంటికొచ్చి అమ్మ మీద అలుగుతున్నాడు. ఆ బతుకూ పుస్తకాలకెక్కాలి.

రాసే ముందు చదవాలి గనుక తొలి నెలలు చదువుకే కేటాయించాం. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’, మునిమాణిక్యం కాంతం కథలు, భానుమతి ‘అత్తగారి కథలు’ వరసగా చర్చకు పెట్టాం. పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు పోయిన మొదటి భాగం అందరికీ నోటికి వచ్చు. తిరిగొచ్చి సంసారంలో, వకీలు పనిలో పడ్డ తర్వాతి భాగాలు చదివినవాళ్లు తక్కువ. మా కమిటీ దృష్టిలో మనకు కావలసిన పాఠం ఆ తర్వాతి భాగాల్లోనే ఉంది.

ఎక్కువ సేపు మాట్లాడుకున్నది పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’ గురించి. 1984లో వచ్చిన జంధ్యాల సినిమా ‘శ్రీవారికి ప్రేమలేఖ’ చూడనివాళ్లు సంఘంలో లేరు. దానికి మూలమైన నవలను మాత్రం చాలామంది ఇప్పుడే చదివారు. సరదాకు రాసిన ఒక ఉత్తరం ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పడితే ఎంత కథ నడిచిందో చూడండి. అందులో ఎవరూ మనల్ని నవ్వించాలని మాట్లాడరు. ఎవరి పట్టుదల వాళ్లకు ప్రాణం, నవ్వు మనకు. హాస్యం రాయదలచిన సభ్యులు ముందుగా నేర్వాల్సింది ఇదే. పాత్ర తానే జోకు వేసి తానే నవ్వితే చదివేవాడికి మిగిలేది ఏముంది?

నామిని ‘సినబ్బ కతలు’ పైకి చదివిన సాయంత్రం గురించి ప్రత్యేకంగా రాయాలి. అది చిత్తూరు జిల్లా మాట, మనది కాదు. అయినా మన పెద్దవాళ్లు ప్రతి వాక్యానికీ తలలూపారు. లేమి ఉన్న ఇంట్లోనూ ఇంత నవ్వు పండుతుందని ఆ కతలు చూపించాయి. నవలలో సంభాషణలన్నీ కడప మాటలోనే ఉండాలన్న నిర్ణయం ఆ రోజే జరిగింది. కథనం ఏ భాషలో నడపాలన్న వాదం ఇంకా తేలలేదు, తేలేదాకా వాదించుకోవడమే మేలు.

ఇక నవల. అబ్బాయి బెంగళూరు కంపెనీ ఉద్యోగి, అమ్మాయి ప్రొద్దుటూరులో బ్యాంకు ఉద్యోగి, అమ్మాయి నాయన కువైట్‌లో డ్రైవరు. కథ కదిలింది మాత్రం ఒక సభ్యురాలు చెప్పిన చిన్న సంగతితో. కువైట్‌లో సెలవు శుక్రవారం. అబ్బాయికి శని, ఆదివారాలు. బ్యాంకుకు ఆదివారమూ, రెండో, నాలుగో శనివారాలూ. పైగా కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ముగ్గురూ ఒక్కసారి ఫోన్‌లో కలిసి పెండ్లి మాట మాట్లాడుకునే గంట దొరకదు! ఆ గంట కోసం మధ్యవర్తి చిన్నాయన పడే పాట్లే నవల. నాయన శుక్రవారం ఫోన్ చేస్తే అబ్బాయి ఇంటి నుంచే ఆఫీసు మీటింగులో ఉంటాడు. అబ్బాయి జేజి (నాయనమ్మ) తలుపు సందులోంచి చూసి, “వాడు ఎవురితోనో ఇంగ్లీషులో పోట్లాడతాండాడు, పిల్ల వాళ్లేమో!” అని ఇల్లంతా చాటుతుంది. ఈ అధ్యాయం రాసిన సభ్యురాలిని సంఘం మనసారా అభినందిస్తోంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన హాస్య నవలల్లో చాలావాటిలో ఉద్యోగం పేరుకే ఉంటుంది. హీరో ఆఫీసుకు పోతాడు, వస్తాడు, అక్కడేం చేస్తాడో తెలియదు. మన నవలలో అలా ఉండకూడదు. బ్యాంకులో బంగారు రుణాల కౌంటరు దగ్గర నగలు తూచే తీరు, గడువు దాటిన కుదువను విడిపించుకోవడానికి వచ్చే ఇల్లాండ్ర తొందర, బ్యాంకుల్లో పనిచేసిన సభ్యులు చెప్పినవి చెప్పినట్టు రాయించాం. ప్రేమకు బరువు వచ్చింది అక్కడే. ఆ అమ్మాయి దినమంతా ఇతరుల తాళిబొట్ల తూకం చూసి, ఇంటికొచ్చి తన పెండ్లికి ఎన్ని తులాలన్న మాట వినాలి.

పాత ముద్రణల కోసం సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయానికి పోయినాం. బ్రౌన్ నివాసమున్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారి పూనికతో నిలిచిన ఆ కేంద్రం మన ఊళ్లోనే ఉండటం మన భాగ్యం. సభ్యులు పిల్లల్ని కూడా తీసుకుపోవాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా అందిస్తున్నాం. చందా బాకీలున్నవారు కోశాధికారిని కలవండి.

నవలలో పెండ్లి అధ్యాయం, కువైట్ గదిలో నాయన వంట చేసుకునే అధ్యాయం మిగిలాయి. రెండోది అక్కడ పని చేసి వచ్చినవాళ్లే రాయాలని కమిటీ కోరిక. రాయడం అలవాటు లేకపోతే చెప్పండి చాలు, పక్కన కూర్చొని రాసుకునే సభ్యులు సిద్ధంగా ఉన్నారు. ఉగాదిలోగా రాతప్రతి కార్యదర్శికి చేరాలి.