పొట్టి పూజారి ఏం చేస్తున్నాడు?

మిల్వాకీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి నవ్వేసి ఊరుకున్నాను. అది జవాబు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. "నలభై దాటాక ఇదేం పిచ్చిరా, శనివారం పూట ఎవరింట్లోనో కూర్చుని పాచికలు వేయడం?" అన్నావు. ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతావు కాబట్టి కాగితం తీశాను. తీరిక చేసుకుని చదువు.

ముందు ఆట సంగతి. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ ఐదారుగురం కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు, మా బల్ల దగ్గర ఆ పని ఒకావిడది. మిగిలినవాళ్లకు తలా ఒక పాత్ర. "అడవిలో నడుస్తున్నారు, ఎదురుగా వంతెన కూలిపోయి ఉంది, అవతలి గట్టున మంట కనిపిస్తోంది, ఏం చేస్తారు?" అని ఆవిడ అడుగుతుంది. ఏం చేస్తామో మేం నోటితో చెప్పాలి. అది జరుగుతుందా లేదా అనే అనుమానం ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక వేయాలి. గెలుపోటములు లేవు. మొదటిసారి ఆడి ఇంటికి రాగానే మా ఆవిడ "ఎవరు గెలిచారు?" అంది. ఎవరూ గెలవరన్నాను. "మరి ఇంతసేపూ ఏం చేశారు?" అంది. ఆమె ప్రశ్నలో న్యాయం లేకపోలేదు.

నీకు తెలిసినదానితో పోల్చి చెప్పాలంటే ఇది అష్టావధానం. అవధాని కుర్చీలో డంజన్ మాస్టర్, చుట్టూ పృచ్ఛకులం మేము. ఎటు నుంచి ఏ మాట వచ్చి పడినా కథ చెడకుండా ఆవిడ అందుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసే పెద్దమనిషి కూడా ఉన్నాడు, కాకపోతే అతన్ని ఎవరూ నియమించలేదు. తేడా ఎక్కడంటే, అవధానంలో పృచ్ఛకుడికి తన వంతు ఎప్పుడొస్తుందో తెలుసు. ఇక్కడ తెలియదు. నా అవస్థ అంతా అక్కడే ఉంది.

నువ్వు అనుకుంటున్నట్టు నన్ను భయపెట్టింది ఇంగ్లీషు కాదురా. ఆఫీసులో రోజంతా అదే భాషలో వాదించి నెగ్గుకొస్తున్నాను. నియమాలూ కావు. మూడు వందల పేజీలు దాటిన పుస్తకం ఉంది నిజమే, కానీ మొదటి మెట్టులో ఉన్న పాత్రకు కావలసినవి నాలుగైదు పేజీలే. అసలు ఇబ్బంది ఎప్పుడు నోరు విప్పాలన్నది. వీళ్లంతా ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్నవాళ్లు. ఒకడు వాక్యం మొదలుపెడితే ఇంకొకడు పూర్తిచేస్తాడు, మూడో ఆవిడ దాని మీద జోకు వేస్తుంది. నేను చెప్పదలుచుకున్న మాటను లోపల కూర్చుకుని, వ్యాకరణం సరిచూసుకుని, గొంతు సవరించుకునేసరికి కథ రెండు ఊళ్లు దాటిపోయి ఉంటుంది.

ఇక వాళ్ల పాత జోకులు. కథలో ఎక్కడ మేక కనిపించినా బల్లంతా ఒక్కసారి గొల్లుమంటుంది. మొదటిసారి నేనూ నవ్వాను, అందరూ నవ్వుతుంటే నోరు మూసుకుని కూర్చోలేం కదా. పక్కనున్నాయన గమనించి పాపం వివరించబోయాడు. ఎప్పుడో ఒక మాంత్రికుడు ఒక మేకను రాజుగారి దగ్గరికి తీసుకెళ్లి, శాపం తగిలిన మీ యువరాజు ఇతనే అని నమ్మించాడట, ఆ తర్వాత అసలు యువరాజు వచ్చాడట, అప్పుడు ఇంకెవరో ఏదో అన్నారట. వివరణ సాగుతున్నంతసేపూ మిగిలినవాళ్లు ఆట ఆపి నా ముఖంలో నవ్వు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నారు. జోకు తెలియకపోవడం కంటే జోకును విడమరిచి చెప్పించుకోవడం పెద్ద శిక్ష.

ఆ పక్కనున్నాయన గురించి కొంచెం చెప్పాలి. డెబ్బై దగ్గర పడిన మనిషి, చీజు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ను పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాదు, "సర్" అంటే ఆయన వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూస్తాడు. ఆయన దగ్గర ఒక పాత గుడ్డసంచి ఉంది. అందులో పసుపుపచ్చ, గులాబీ, నీలం రంగుల పాచికలు, అంచులన్నీ అరిగి గులకరాళ్లలా గుండ్రంగా తయారైనవి. అప్పట్లో ప్లాస్టిక్కు మెత్తగా ఉండేదట, అంకెల గాడిలో రంగు ఉండేది కాదట, మైనపు పెన్సిలు రుద్ది మనమే నింపుకోవాలట. ఇరవై ముఖాల దాని మీద 1 నుంచి 20 వరకు కాకుండా, 0 నుంచి 9 వరకు అంకెలు రెండేసిసార్లు ఉన్నాయి. నేను వేలితో తడిమి చూస్తుంటే ఆయన కళ్లలో మెరుపు చూడాలి.

ఈ ఆట పుట్టింది మాకు కారులో గంట దూరంలో ఉన్న లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లోనని ఆయనే చెప్పాడు. గ్యారీ గైగాక్స్ అనే ఆయనకు షికాగోలో బీమా కంపెనీ ఉద్యోగం పోయింది. బూట్లు బాగుచేస్తూ సంసారం ఈదుకొస్తూనే, ఇంటి బేస్‌మెంట్‌లో ఇసుక బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడించేవాడట. పక్క రాష్ట్రం మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ ఇంకో దారి పట్టాడు. ఒక్కొక్కరికి పెద్ద సైన్యం బదులు ఒకే ఒక్క మనిషిని ఇచ్చి, ఆ మనిషి చావకుండా మిగిలితే వారం వారం బలం పెరిగేలా ఆట నడిపాడు. ఇద్దరి బుర్రలూ కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలున్న పెట్టెగా బయటికొచ్చాయి. మొదట వేసింది వెయ్యి ప్రతులు. ఆ వింత పాచికలైతే బడి సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర దొరికినవేనట. ఇదంతా విన్నాక నాకు ఆ బేస్‌మెంట్ మీద గౌరవం పెరిగింది కానీ నోరు మాత్రం తెరుచుకోలేదు.

నా పాత్ర గురించి అడిగావు. డ్వార్ఫ్ జాతివాడు, అంటే పొట్టిగా, గడ్డంతో, గట్టిగా ఉండే మనిషి. వృత్తి పూజారి. జట్టులో గాయాలు మాన్పేవాళ్లు లేరని నాకు అది అంటగట్టారు. కొత్తవాడికి ఎక్కడైనా మిగిలిపోయిన పనే కదా. పాత్రకు ఆరు గుణాలు ఉంటాయి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, చివరిది మనుషులను ఆకట్టుకునే శక్తి. వాటికి పంచుకోమని 15, 14, 13, 12, 10, 8 ఇస్తారు. నేను ఆలోచించకుండా 8 తీసుకెళ్లి ఆ చివరిదానికి ఇచ్చాను. నువ్వు నవ్వుతావని తెలుసు. పాత్ర కల్పితం కానీ ఆ అంకె మాత్రం నాదే.

ఈ బెరుకులో ఒక వింత గమనించాను. యుద్ధం వస్తే నాకు ప్రాణం లేచివచ్చేది. ఎందుకంటే పోరాటం మొదలయ్యే ముందు అందరూ పాచిక వేస్తారు. వచ్చిన అంకెకు చురుకుదనం కలిపి, పెద్ద అంకె నుంచి చిన్న అంకె దాకా వరుస రాసిపెడతారు. ఇక ఆ వరుసే చట్టం. నా పేరు అట్టడుగున ఉండనీ, వంతు మాత్రం నాది. అప్రస్తుత ప్రసంగి కూడా నోరు మూసుకుని ఆగాల్సిందే. అందుకని మిగిలినవాళ్లంతా వ్యాపారితో బేరాలాడుతూ, సత్రం యజమానితో కబుర్లాడుతూ ఆనందిస్తుంటే, ఒక మూల కూర్చుని "దేవుడా, ఇప్పుడు నాలుగు గాబ్లిన్ రాక్షసులు మీద పడితే బాగుండు" అని కోరుకునేవాణ్ణి.

యుద్ధంలోనూ కష్టం లేకపోలేదు. గాయం మాన్పే మంత్రానికి ఎనిమిది ముఖాల పాచిక వేయాలి. అది పది ముఖాలదానికి కవల సోదరిలా ఉంటుంది, ఆ మసక దీపం కింద నాకు ఏది ఏదో తెలిసేది కాదు. ప్రతిసారీ అడగాలంటే సిగ్గు. ముసలాయన ఒకసారి కనిపెట్టాడు. అప్పటి నుంచి నా వంతు రాబోతుండగా, ముఖం అటు తిప్పుకుని ఎవరితోనో మాట్లాడుతూనే, కావలసిన పాచికను వేలితో నా వైపు జరిపేవాడు. ఒక్క మాట లేదు. అంత మర్యాదగా సాయం చేసిన మనిషిని ఈ మధ్య ఎక్కడా చూడలేదు.

దీనికి పూర్తి విరుద్ధం ఇంకొకాయన, మంచివాడే. ఆట మధ్యలో చటుక్కున నా వైపు తిరిగి, "నువ్వు బాగానే ఉన్నావా? ఏమీ మాట్లాడటం లేదే?" అన్నాడు. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. బాగానే ఉన్నానన్నాను. అది అబద్ధమని అందరికీ అర్థమైంది, చెవులు వేడెక్కాయి. పెళ్లిచూపుల్లో అబ్బాయిని "మీరేమైనా అడగాలా?" అంటే ఏం అడుగుతాడు చెప్పు.

డంజన్ మాస్టర్ ఆ ప్రశ్న ఎన్నడూ వేయలేదు. ఆవిడ బడిలో సైన్సు చెబుతుంది, వెనక బెంచీల మీద కన్నేసి ఉంచడం అలవాటైన మనిషి. మావాళ్లు సత్రంలో పాట పాడే ఏర్పాట్లలో ఉండగా, ఏదో మామూలు విషయంలా, "బయట వాన పడుతోంది. పొట్టి పూజారి ఏం చేస్తున్నాడు?" అని అడిగింది. ప్రశ్న నాకు కాదు చూడు, వాడికి. నా నోటి నుంచి జవాబు దానంతట అదే వచ్చేసింది: "గుమ్మం దగ్గర కూర్చుని బూట్లలో నీళ్లు వంచుకుంటున్నాడు." ఆవిడ తలూపింది, కథ ముందుకు వెళ్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, భేష్ అనలేదు, నాకు కావలసింది అదే. తర్వాత నడిరాత్రి దొంగలు వచ్చి పడితే, "పూజారి బూట్లు పొయ్యి పక్కన ఆరుతున్నాయి కదా" అని ఆవిడ గుర్తుచేసింది. నేను ఒట్టికాళ్లతో పగిలిన సీసా పెంకుల మీద యుద్ధం చేయాల్సి వచ్చింది. బల్ల పగిలేలా నవ్వారు, నేను కూడా. ఈసారి ఎవరూ వివరించనక్కర లేకపోయింది.

కొత్తవాళ్లను కలుపుకోవాలనుకునేవాళ్లు చేయవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. మొహమాటపడే మనిషిని నేరుగా అతని గురించి అడిగితే ముడుచుకుపోతాడు. అతని చేతిలో ఉన్న పని గురించి అడిగితే అరగంట మాట్లాడతాడు. మీ మామగారు చూడు, ఎంత పలకరించినా "ఊఁ" తప్ప అనరు. మోటారు పంపుసెట్టు గురించి అడిగి చూడు.

అన్నట్టు, నటించి తీరాలన్న నియమం కూడా లేదు. మావాళ్లలో ఒకడు గొంతు మార్చి ముసలి నావికుడిలా మాట్లాడతాడు, అద్భుతంగా. నేనూ అలా చేయాలేమోనని మొదట్లో గుండె గుభేలుమనేది. 2014లో వచ్చిన ఆటగాళ్ల పుస్తకం తిరగేస్తే రెండు పద్ధతుల్లో మనకు ఏది కుదిరితే అది వాడుకోమని రాసి ఉంది. పాత్ర గొంతుతోనే మాట్లాడవచ్చు, లేదా "నా పూజారి కావలివాణ్ణి బతిమాలుతున్నాడు" అని పక్కన నిలబడి చెప్పవచ్చు. నేను రెండో రకం. ఒకసారి కోట తలుపు తీయించాల్సి వచ్చింది. నావికుడు లేచి నిలబడి మహోపన్యాసం ఇచ్చాడు, పాచిక వేస్తే 3 పడింది. కావలివాడు ఆవులించాడట. అప్పుడు నేను, "మా వాళ్లకు దెబ్బలు తగిలాయి, లోపలికి రానివ్వమని అడుగుతున్నాడు" అన్నాను, అంతే. పాచిక 17 చూపించింది. నా 8 వల్ల ఒకటి తీసేసినా 16. తలుపు తెరుచుకుంది. ఈ ఆటలో మాటకారితనానికి కూడా పాచిక అడ్డు నిలుస్తుందని తెలిసి నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. నావికుడు మాత్రం ఆ రాత్రంతా అలిగాడు.

తినుబండారాల సంగతి మర్చిపోయాను. ఒకసారి మా ఆవిడ చేసిన చెక్కలు పట్టుకెళ్లాను. పచ్చిమిర్చి, కరివేపాకు, శనగపప్పు అన్నీ పడ్డ అసలైన చెక్కలు. రుచి అందరికీ నచ్చింది, కానీ నూనె వేళ్లతో పట్టుకుంటే పాత్రల కాగితాల మీద మరకలు పడ్డాయి. నర్సుగా పనిచేసే ఆవిడ మాంత్రికురాలి ప్రాణశక్తి ఎంతో ఇప్పటికీ చదవడం కష్టం. ఇప్పుడు చెక్కలు తీసుకెళితే పక్కనే కాగితపు రుమాళ్ల కట్ట పెడుతున్నారు.

నిన్న ఇంకో కొత్తమనిషి వచ్చింది, విశ్వవిద్యాలయంలో చదువుకునే అమ్మాయి. కథలో ఎవరో బూట్లు విప్పగానే బల్లంతా నవ్వింది. ఆ అమ్మాయి మా వైపు దిక్కులు చూసింది. నేనే పూనుకుని, వాన, సత్రం, పొయ్యి, సీసా పెంకులు అన్నీ వరుసగా చెప్పుకొచ్చాను. మర్యాదగా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా పరిచయం. చెప్పడం ఆపి, "నీ విలుకత్తె ఇప్పుడు ఎక్కడ నిలబడింది?" అని అడిగాను. చెట్టెక్కిందట.

ఇప్పుడు నీతో పని. వచ్చే శనివారం మేం పాత గుడి కింద ఉన్న గుహలోకి దిగుతున్నాం. ద్వారం తెరుచుకోవాలంటే పూజారి తన సొంత భాషలో ప్రార్థన చదవాలని డంజన్ మాస్టర్ షరతు పెట్టింది. డ్వార్ఫుల భాష ఎలా ఉంటుందో ఆవిడకూ తెలియదు, కాబట్టి తెలుగులో చదువుతానంటే ఒప్పుకుంది. నువ్వు కాలేజీ రోజుల నుంచి పద్యాలు గిలుకుతున్నావు కదా, రాయి గురించి, చీకటి గురించి, తలుపు గురించి ఒక ఆటవెలది రాసి పంపు. దేవుడి పేరు వద్దు, అక్కడి దేవుళ్లు వేరు. యతి దగ్గర ఎప్పటిలా దొంగదారి తొక్కకు, ఇక్కడ పట్టుకునేవాళ్లు లేకపోయినా చదివేది నేను. గురువారం లోపు ఫోటో తీసి పంపితే చాలు, కంఠస్థం చేసుకోవడానికి రెండు రోజులు కావాలి.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. మీ మామగారిని పంపుసెట్టు గురించి నిజంగానే అడుగు.

నీ
సత్యం