స్కర్దూలో నిలబడ్డవాళ్ళ పేర్లు బయటపెట్టండి: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక మాజీ హవల్దార్ కూతుర్ని. అడగాల్సింది ఒక్కటే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తాను. 1948లో, అప్పటి జమ్మూ కాశ్మీర్ సంస్థానంలోదీ ఇప్పుడు పాకిస్తాన్ ఆధీనంలో ఉన్నదీ అయిన స్కర్దూ ముట్టడిలో ఆరు నెలలు నిలబడ్డ జవాన్లందరి పేర్లు, ర్యాంకులు, ఊళ్ళు ఒక జాబితాగా ప్రజల ముందు పెట్టండి. వాళ్ళకీ శ్రీనగర్‌కీ మధ్య నడిచిన వైర్‌లెస్ సందేశాలు ఎన్ని మిగిలి ఉంటే అన్నీ దాంతోపాటు పెట్టండి.

మన తెలుగువాళ్ళకి 1948 అనగానే నైజాం, రజాకార్లు, పోలీసు చర్య గుర్తొస్తాయి. అది సహజమే, మన ఇళ్ళల్లో విన్న కథలవి. కానీ సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టడానికి సరిగ్గా నెల ముందు, దేశానికి ఆ కొసన ఇంకో సంస్థానపు సైనికులు తిండీ తూటాలూ అయిపోయి శత్రువు చేతికి చిక్కారు. ఈ సంగతి నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. బళ్ళో ఎవరూ చెప్పలేదు. మా నాన్న చెప్తే తెలిసింది.

నాన్న లద్దాఖ్‌లోని ద్రాస్‌లో రెండు చలికాలాలు గడిపాడు. అక్కడి చలి గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదు గానీ, డిసెంబర్‌లో మేం స్వెటర్ వేసుకోవడానికి మారాం చేస్తే మాత్రం చెప్పేవాడు: చేతి తొడుగు తీసి రైఫిల్ బోల్టు ముట్టుకుంటే చర్మం ఇనుముకి అతుక్కుపోతుంది, గబుక్కున లాగితే పొర ఊడొస్తుంది, తుపాకీకి పెట్టిన నూనె గడ్డకట్టి బోల్టు కదలదు, తాగే నీళ్ళకి మంచు తవ్వి రేకు డబ్బాలో వేసి స్టవ్ మీద పెడితే డబ్బా నిండా మంచు కరిగి అడుగున గ్లాసుడు నీళ్ళు మిగులుతాయి. ఇప్పటికీ ఆయన ఎడమ కాలి రెండు వేళ్ళకి స్పర్శ లేదు. అన్నీ చెప్పి చివర్లో ఒక మాట అనేవాడు, "మాకు వెచ్చబెట్టుకోవడానికి బుఖారీ పొయ్యి ఉంది, కోటు ఉంది, దారి తెరిస్తే కాన్వాయ్ వస్తుందని ధైర్యం ఉంది. స్కర్దూ వాళ్ళకి ఏముంది?"

ఆ ప్రశ్న పట్టుకునే నేను చదవడం మొదలుపెట్టాను. 1947 నవంబర్ మొదట్లో గిల్గిత్ పాకిస్తాన్ పక్షానికి చేజారింది. గిల్గిత్ నుంచి సింధు నది వెంట లద్దాఖ్‌లోని లేహ్ వైపు వచ్చేవాళ్ళకి మధ్యలో అడ్డం స్కర్దూ, ఏడు వేల అడుగుల పైన, చుట్టూ కొండలు. జమ్మూ కాశ్మీర్ సంస్థాన సైన్యంలో ఆరో ఇన్‌ఫాంట్రీకి చెందిన షేర్ జంగ్ థాపా లేహ్ నుంచి తన కొద్దిమందితో మంచులో నడిచి డిసెంబర్ 2న అక్కడికి చేరాడు. ఆయన సొంత రెజిమెంట్‌లోనే కొన్ని కంపెనీలు అప్పటికే తిరగబడి అవతలి పక్షంలో కలిశాయి. పక్కన నిలబడ్డవాడు రేపు ఎటుంటాడో తెలియని స్థితిలో కాపలా కాయడం అంటే ఏమిటో యుద్ధం చూడని నాలాంటిదానికి ఊహకి కూడా అందదు.

1948 ఫిబ్రవరి 11న దాడి మొదలైంది. అప్పటికి కొద్దికొద్దిగా చేరిన సాయంతో కలిపినా లోపలున్న సైనికులు మూడు వందల లోపే. వాళ్ళతోపాటు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన పట్నం కుటుంబాలు, ఆడవాళ్ళు, పిల్లలు. అంటే ఉన్న రేషన్‌లో వాళ్ళకీ వాటా పెట్టాలి. శ్రీనగర్ నుంచి బ్రిగేడియర్ ఫకీర్ సింగ్ ఆధ్వర్యంలో బయల్దేరిన సహాయక దళం మార్చిలో స్కర్దూకి చేరువదాకా వచ్చింది. సింధు లోయలో ఇరుకుదారి దగ్గర శత్రువులు మాటువేసి కొట్టారు, దళం వెనక్కి పోక తప్పలేదు. లోపలున్నవాళ్ళకి ఆ కబురు అందిన రోజు ఎలా గడిచిందో ఏ పుస్తకమూ చెప్పదు, ఆ సందేశాల కాగితాలు చెప్పొచ్చు, అందుకే అడుగుతున్నాను.

మేలో కార్గిల్ పోయింది, తర్వాత ద్రాస్ కూడా. ఇక నేల మీద దారి లేదు. చుట్టూ ఎత్తైన కొండలు, రవాణా విమానాలు దిగే వీలు లేదు, చివరికి టెంపెస్ట్ యుద్ధవిమానాల నుంచి సరుకుల డబ్బాలు జారవిడిచారు, అవి ఏ మూలకీ చాల్లేదు. వాళ్ళకి ఆదేశం మాత్రం ఒకటే, ఆఖరి మనిషి, ఆఖరి తూటా దాకా పట్టు వదలొద్దని. ఆగస్ట్ 14న లొంగిపోయారు. లెక్కపెట్టి చూశాను, 185 రోజులు. మంచులో మొదలైన ముట్టడి మంచంతా కరిగి ఎండాకాలం గడిచేదాకా సాగింది. లొంగిపోయినవాళ్ళలో చాలామందిని ఆ తర్వాత చంపేశారు. థాపా బతికి బయటపడ్డారు, ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. అందులో నాకే అభ్యంతరమూ లేదు, ఆయనకి ఎంత ఇచ్చినా తక్కువే. మిగతావాళ్ళు ఎవరు సార్?

వాళ్ళు ఓడిపోయారు కదా అని ఎవరైనా అనొచ్చు. ఆ ఆరు నెలల్లో లేహ్‌లో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరిలో, ఎవరూ దాటని కాలంలో, హిమాచల్‌లోని లాహౌల్‌కి చెందిన సైనికాధికారి పృథీ చంద్ కొద్దిమంది వాలంటీర్లతో మంచులో, శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే దారిలోని జోజీలా కనుమ దాటి మార్చిలో లేహ్ చేరాడు. ఇంజనీర్ సోనమ్ నోర్బూ ఊరివాళ్ళ చేత విమానాలు దిగే మైదానం సిద్ధం చేయించాడు. మే 24న మెహర్ సింగ్ నడిపిన డకోటా రవాణా విమానం జనరల్ తిమ్మయ్యతో సహా అక్కడ దిగింది. ఇన్ని పనులకీ గడువు కావాలి, ఆ గడువులో చాలాభాగం స్కర్దూ నుంచే వచ్చిందని నా నమ్మకం. జోజీలా మీదికి ట్యాంకులు ఎక్కింది నవంబర్ 1న, కార్గిల్ మళ్ళీ మనకి దక్కింది ఆ నెల 23న. అప్పటికి స్కర్దూ పోయి మూడు నెలలు దాటింది.

రెండేళ్ళ కిందట ఒక కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. స్కర్దూలో పనిచేసిన సైనికుల జాబితా ఇవ్వమని అడిగాను. అది తమ పరిధిలోది కాదని జవాబొచ్చింది. ఇంకోచోట పెడితే సంస్థాన సైన్యం రికార్డులు తమ దగ్గర లేవన్నారు. నాకు కోపం కంటే దిగులు ఎక్కువ వేసింది. ఆ సంస్థాన సైన్యమే తర్వాత భారత సైన్యంలో కలిసి ఈనాటి జమ్మూ అండ్ కాశ్మీర్ రైఫిల్స్ అయింది, ఆ రెజిమెంట్ తన చరిత్రని గర్వంగా చెప్పుకుంటుంది కూడా. పల్టన్ మనదైనప్పుడు పల్టన్‌లో చచ్చిపోయినవాడు మనవాడు కాకుండా ఎలా పోతాడు?

మీ శాఖే 2021 జూన్‌లో ఒక విధానం ప్రకటించింది, యుద్ధాల రికార్డుల్ని మామూలుగా 25 ఏళ్ళకి బహిర్గతం చేయాలని, అంతకంటే పాతవాటిని పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి పంపాలని. అది చదివి చాలా సంతోషించాను. ఆ విధానం కింద ముందుగా స్కర్దూ కాగితాలు తీయించండి. డెబ్బై ఐదేళ్ళు దాటిన వైర్‌లెస్ సందేశాల వల్ల ఈ రోజు ఎవరికి ముప్పు? రికార్డులు జమ్మూలో కొన్ని, శ్రీనగర్‌లో కొన్ని, ఢిల్లీలో కొన్ని చెల్లాచెదురుగా ఉండొచ్చు, తెలుసు. ఆ మూడుచోట్లా తిరగగలిగింది మంత్రిత్వ శాఖే గానీ నాలాంటి మామూలు మనిషి కాదు. పింఛను రికార్డులు చూసినా కొందరి కుటుంబాల జాడ దొరకొచ్చు.

కిందటి ఏడాది నాన్నని ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి తీసుకెళ్ళాను. త్యాగ చక్రం గోడల మీద గ్రానైట్ పలకల్లో ఒక్కొక్క పేరూ చెక్కి ఉంది. తన పల్టన్‌లోని స్నేహితుడి పేరు దొరికేదాకా నాన్న ఊరుకోలేదు, దొరికాక వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు, ఎండ మాడిపోతున్నా కదల్లేదు. తర్వాత స్కర్దూ వాళ్ళవి ఎక్కడున్నాయో చూద్దాం పద అన్నాడు. ఎవరి పేరని వెతకాలి? అక్కడ ఉన్నాయో లేవో చూడాలన్నా ముందు వాళ్ళెవరో తెలియాలి కదా. ఆ మాట నాన్నతో అంటే ఏం మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

ఒకసారి కార్గిల్‌లో సూరు నది ఒడ్డున నిలబడ్డాను. ఆ నీళ్ళు నియంత్రణ రేఖ దాటి సింధులో కలిసి స్కర్దూ పక్కనుంచే పోతాయని అక్కడి డ్రైవర్ చెప్పాడు. వాళ్ళ తాత తరఫు చుట్టాలు ఆ వైపే ఉండిపోయారట, వాళ్ళ గురించి చెప్తూ గొంతు పూడుకుపోయింది. 1948 నాటి దాడిలోనూ దాని తర్వాతా స్కర్దూ ప్రాంతపు బల్తీ ముస్లిం కుటుంబాలు కూడా ఎంతో పోగొట్టుకున్నాయి. నేను అడుగుతున్న జాబితా ఎవరి మీదో పగ రేపడానికి కాదు, దయచేసి అలా వాడుకోనివ్వకండి.

జాబితా ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఇస్తే చాలు, తెలుగులో నేనే రాసుకుంటాను. నాన్న పల్టన్‌లో నేర్చుకున్న హిందీ ఇప్పటికీ చదువుతాడు. చూపు మందగించింది, కాస్త పెద్ద అక్షరాలు వేయించండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూసే
ఒక మాజీ హవల్దార్ కూతురు