కొత్త సౌండ్‌బార్ కొనకు చిన్నా

రాజమండ్రి

చి. చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా.

మీ నాన్న ఫోన్లో "మాటలు తెలియట్లేదురా, ఉత్త దబదబలే" అనగానే ముప్పై వేల సౌండ్‌బార్ ఏదో చూసి "ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నావట. పెట్టకు. పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చెయ్యి. ఫోన్లో చెప్తే "సరే అమ్మా సరే" అంటూ మీటింగులోకి వెళ్లిపోతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను, చివరిదాకా చదువు.

దసరాకి వచ్చినప్పుడు నువ్వు చేసిన పని ముందు చెప్పాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టైమైపోతోందని టీవీకీ, ఇంట్లో ఉన్న మన సౌండ్‌బార్‌కీ, అదే ఆ పొడుగాటి స్పీకర్‌కీ, బ్లూటూత్ కలిపేసి, ఒక పాట పెట్టి, "వస్తోంది కదా" అని బ్యాగు భుజానేసుకున్నావు. పాటకి అది చాలు. మనిషి మొహం తెర మీద కనపడుతూ మాట్లాడితే చాలదు. టీవీ ఆ శబ్దాన్ని కుదించి గాల్లోకి పంపాలి, బార్ దాన్ని అందుకుని విప్పుకోవాలి. ఈ తతంగానికి సుమారు 150 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుందని నీకు తొమ్మిదో తరగతిలో నేనే చెప్పాను. లెక్కెయ్యి. 200 మిల్లీసెకన్లలో దాదాపు 70 మీటర్లు. అంటే వార్తలు చదివే అమ్మాయి మన ఇంట్లో కాదు, 70 మీటర్ల అవతల నిలబడి చదువుతున్నట్టు. రేవులో అటువైపు ఎవరో బట్ట బాదుతుంటే చెయ్యి కిందకి దిగాక దెబ్బ వినపడుతుందే, అచ్చం అలాగే ఉండేది మన టీవీ. కొన్ని టీవీలు బొమ్మని కూడా ఆ మేరకు ఆలస్యం చేసి సర్దుకుంటాయి. మనది ఆ జాతి కాదు.

ఇందులో ఓ తమాషా ఉంది. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే పట్టేస్తాం, వెనకబడితే మాత్రం 125 దాకా మనకి పెద్దగా తెలియదు. పుట్టినప్పట్నుంచీ వెలుతురు ముందూ చప్పుడు వెనకా రావడమే చూశాం కదా, మెదడు దానికి అలవాటు పడిపోయింది. అంత ఓర్పున్న మెదడు కూడా మన బ్లూటూత్‌తో విసిగిపోయింది. పెదవులు ఒకటీ మాట ఒకటీ అయ్యేసరికి మీ నాన్న కళ్లు మూసుకుని సీరియల్ వినడం మొదలుపెట్టారు.

అందుకని తీగతో కలిపించాను. ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన కుర్రాడిని ఓ పది నిమిషాలు ఉండమని, టీవీని గోడ నుంచి కాస్త ముందుకి లాగించాను. వెనక తల పట్టదు, ఫోన్ లోపలికి పెట్టి ఫొటో తీసి చూశాం. మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి, బొమ్మా శబ్దమూ ఒకే తీగలో వచ్చేవి. అందులో ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ అని చీమంత అక్షరాలు. ఆ పోర్టులో సెట్‌టాప్ బాక్సు తీగ దూర్చి ఉంది! మొదట బిగించినవాడి చేతికి అదే దగ్గర, ఇంకేం చూస్తాడు. బాక్సుని పక్క పోర్టులోకి మార్చి, బార్ తీగ ఇందులో పెట్టించాను.

ఈ ఏఆర్‌సీ, మీరు ఆర్క్ అంటారు, 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. మామూలు పోర్టులో బొమ్మా శబ్దమూ టీవీలోకి రావడమే తప్ప పోవడం ఉండదు. ఈ ఒక్కదానిలో టీవీ శబ్దం అదే తీగలో ఎదురు నడిచి బార్‌లోకి వెళ్తుంది. ఇంకో పోర్టులో పెడితే ఎంత మంచి బార్ అయినా నోరు విప్పదు. ఈ మాట నీ స్నేహితులకి కూడా చెప్పు, సౌండ్ రావట్లేదని సర్వీసు సెంటర్లకి ఫోన్లు చేసేవాళ్లలో సగం మంది గోల ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

అంత చేసినా మొదట శబ్దం రాలేదు. సెట్టింగుల్లో సీఈసీ అనేది ఆన్‌లో ఉండాలి, ఆ తీగ మీదున్నవి ఒకదాని మాట ఒకటి వినేలా చేసేది అదే. దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఎవరి బారసాల వాళ్లదే. అది ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్ దగ్గర టీవీ స్పీకర్ తీసేసి బార్‌ని ఎంచుకున్నా. అయినా మౌనమే. అప్పుడు రెండింటి ప్లగ్గులూ గోడలోంచి పీకేసి టీ పెట్టుకోడానికి వెళ్లాను. రిమోట్‌తో ఆపితే అవి నిజంగా ఆగవు, పాత పలకరింపులే గుర్తుపెట్టుకుని కూర్చుంటాయి. టీ తాగి వచ్చి ముందు టీవీ, తర్వాత బార్ పెట్టాను. పలికింది. ఇప్పుడు టీవీ రిమోట్‌తోనే శబ్దం పెరుగుతుంది తగ్గుతుంది, మీ నాన్న రెండో రిమోట్ కోసం దిండ్లు ఎత్తక్కర్లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడు ఒక్కోసారి టీవీ మళ్లీ తన సొంత గొంతుకి మారిపోతోంది. అప్పుడు సౌండ్ అవుట్‌పుట్ చూసుకోవడమే, అది మీ నాన్నకి నేర్పేశాను.

పక్కింటి మామయ్యగారిది పాత టీవీ, ఆర్క్ లేదు. వాళ్లబ్బాయి ఆప్టికల్ తీగ పెట్టి వెళ్లాడట, శబ్దం రాదు. వెళ్లి చూస్తే తీగ కొసన వచ్చే ప్లాస్టిక్ టోపీ తియ్యకుండానే అదిమేశారు. వెలుతురు పోవాల్సిన తీగకి కళ్లకి గంతలు కట్టినట్టే కదా. టోపీ తీస్తే కొసన ఎర్రటి వెలుగు, వెంటనే పాట. ఆప్టికల్‌లో డాల్బీ 5.1 దాకా, అంటే ఐదు స్పీకర్లూ ఒక దబదబల పెట్టె దాకా వస్తుంది, నెత్తి మీంచి కూడా వినిపించే అట్మాస్ రాదు. వాళ్లకి అది చాలా ఎక్కువే.

ఇంకో చిక్కు. ఒక యాప్‌లో బొమ్మ ఆడుతుంది, శబ్దం ఉండదు, మిగతావన్నీ బానే ఉంటాయి. టీవీ పంపే భాష బార్‌కి రాకపోతే అలా అవుతుంది. సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోని పీసీఎంకి, అంటే కుదించని ఉత్త శబ్దానికి, మారిస్తే ఏ బార్ అయినా పలుకుతుంది. అప్పుడు పాత ఆర్క్‌లో రెండు ఛానళ్లే వస్తాయి, మన బార్ ఎలాగూ 2.1, ఎడమా కుడీ రెండు స్పీకర్లూ ఒక వూఫరూ, పోయేదేం లేదు.

తీగ కుదిరాక పెదవులూ మాటా కలిశాయి. కానీ నాన్న ఫిర్యాదు పోలేదు. దబదబ అలాగే ఉంది.

చూస్తే సబ్‌వూఫర్‌ని, అదే ఆ దబదబలు పలికే పెట్టెని, నువ్వు అడ్డం లేకుండా ఉంటుందని మూలకి తోశావు, బీరువా పక్కన. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి దాని బలం పెంచేస్తాయి. పైగా ఏదైనా బాంబు పేలగానే బీరువా తలుపు, అద్దాల అరలో వెండి కుంకుమ భరిణె, దాని పక్కన మీ తాతగారి గ్లాసు, అన్నీ వంతపాడేవి. దాన్ని మూలలోంచి లాగి టీవీ స్టాండుకి ఎడమ పక్కన, గోడకి ఓ మూరెడు దూరంలో పెట్టాను. వైఫై రౌటర్‌కి కూడా దూరం చేశాను. పక్కపక్కనే ఉన్నప్పుడు అప్పుడప్పుడు దాని దీపం మిణుకుమిణుకుమంటూ బార్‌ని వెతుక్కునేది, ఇప్పుడు నిలకడగా వెలుగుతోంది. బార్ రిమోట్‌లో వూఫర్‌కి వేరే మీట ఉంది, దాన్ని సగానికి దించాను. నువ్వు పైకి ఎత్తి వెళ్లావు, నీకు గుండె అదిరితేగానీ సినిమా చూసినట్టుండదు.

ఇక అసలు సంగతి, కాస్త శ్రద్ధగా చదువు. 50 హెర్ట్జ్ దబ్బుమనే శబ్దం తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. 5000 హెర్ట్జ్‌ది 7 సెంటీమీటర్లు. ఏడు మీటర్ల అలకి సోఫా, మనిషి, బీరువా ఏవీ అడ్డు కావు, చుట్టుకుని వచ్చేస్తుంది. ఏడు సెంటీమీటర్ల అల చిన్న అడ్డానికే ఆగిపోతుంది. మాటలో అచ్చుల బరువంతా కింది వైపు ఉంటుంది, స, శ, చ, త లాంటి హల్లుల్ని విడదీసి చూపించేది ఈ పైనుండే చిన్న అలలే. అవి పోతే గొంతు వినపడుతుంది, మాట తెలియదు. మన హాల్లో బార్ ముందు ఉన్నవన్నీ సరిగ్గా ఆ చిన్న అలల్నే మింగుతున్నాయి.

బార్ స్టాండు అరలో లోపలికి ఉంది, దాని ముందు మీ నాన్న పేపరు, కళ్లజోడు పెట్టె, జండూబామ్. పైన దుమ్ము పడకుండా మీ అత్తయ్య అల్లిచ్చిన లేసు గుడ్డ ముందుకి వేలాడుతోంది. గుడ్డ తీసి ఫ్రిజ్ మీద వేశా. బార్‌ని స్టాండు పైకెక్కించి అంచుదాకా జరిపాను, టీవీ కింద రిమోట్ కన్ను మూసుకుపోకుండా చూసి. ఇంకోటి, నేలంతా నువ్వు వేయించిన నున్నటి టైల్స్, గోడలు బోడి, చప్పట్లు కొడితే గణగణమని తిరుగుతోంది. ఒక మాట తోక ఇంకో మాట తల మీద పడుతుంటే ఎవరికైనా ఎలా తెలుస్తుంది? సోఫా ముందు పాత జంపఖానా పరిచాను, కిటికీలకి మందపాటి కర్టెన్లు వేశాను. చప్పట్ల గణగణ తగ్గింది. ఖర్చు కర్టెన్లకే.

తర్వాత బార్‌ని మూవీ మోడ్ నుంచి వాయిస్‌కి మార్చాను. రాత్రిళ్లు నైట్ మోడ్. అది పెద్ద చప్పుళ్లని నొక్కి చిన్నవాటిని ఎత్తుతుంది, గుసగుసకి పెంచి కేకకి తగ్గించే పని మనకి తప్పుతుంది. సినిమా యాప్‌లలో భాష ఎంచుకునే చోట కొన్నిటికి తెలుగు 5.1 అనీ ఉత్త తెలుగు అనీ రెండుంటాయి. 5.1లో మాటలు మధ్య స్పీకర్ కోసం పెట్టినవి, మన 2.1 బార్‌కి మధ్య స్పీకరే లేదు, రెంటిలో కలిపి వండి వడ్డిస్తుంది. ఉత్త తెలుగు పెడితే మాట తేటగా ఉంటోంది.

ఇక నువ్వు చూసిన ఆ ముప్పై వేల 5.1.2 బార్ గురించి. ఆ చివరి రెండూ కప్పు మీదకి శబ్దం కొట్టి కిందకి తిప్పేవి. దానికి 8 నుంచి 12 అడుగుల చదునైన కప్పు కావాలి. మనది మద్రాసు టెర్రసు, 14 అడుగుల ఎత్తున టేకు దూలాలు. వాటికి తగిలి శబ్దం తలో దిక్కూ పోతుంది, హెలికాప్టర్ నెత్తి మీద తిరగదు, నీ డబ్బూ తిరిగి రాదు. నీ మియాపూర్ ఫ్లాటుకైతే బానే ఉంటుంది, కొనుక్కుంటే నువ్వు కొనుక్కో. అప్పుడు టీవీకి ఈ-ఆర్క్, అంటే ఆర్క్‌లో కొత్త రకం, ఉందో లేదో చూసుకో. పాత ఆర్క్ సెకనుకి సుమారు ఒక మెగాబిట్ మోస్తే ఇది 37 దాకా మోస్తుంది.

ఇవన్నీ అయ్యాక నాకు 18 మీద శుభ్రంగా వినపడుతోంది, పనికొచ్చే అమ్మాయికీ అంతే. మీ నాన్న 40 పెడుతున్నారు. మగవాళ్ల మాటలు పట్టుకుంటున్నారు, ఆడవాళ్లవీ పిల్లలవీ జారిపోతున్నాయి. మొన్న వంటింట్లోంచి "పాలు చాలా?" అని అడిగితే "కాలు బానే ఉంది" అన్నారు. నవ్వకు. గుడ్డా పేపరూ మింగిన ఆ చిన్న అలల్నే వయసు మీదపడ్డ చెవి కూడా ముందుగా వదిలేస్తుంది. వాల్యూమ్ పెంచితే పోయినవి రావు, ఉన్న దబదబే పెరుగుతుంది. పక్క వాటా వాళ్లు ఏమీ అనట్లేదు, వాళ్ల మంచితనం.

చెవి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, శనివారం పదిన్నరకి. ముందు గుబిలి ఏమన్నా అడ్డుపడిందేమో చూస్తారు, దానితోనే సగం తేలిపోవచ్చు. లేకపోతే చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి ఆడియోగ్రామ్ తీస్తారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం వినిపించి ఏది ఎంత గట్టిగా ఉంటే తెలుస్తోందో గీత గీస్తారు. చెవి మిషన్ కావాలంటే నీ ముప్పై వేలు దానికి పనికొస్తాయి.

ఆయన రానంటున్నారు. "చెవిటివాణ్ని చేస్తావా నన్ను" అని రెండు పూటలు మాట్లాడలేదు. నా మాట వినరు, నీ మాట వింటారు. సౌండ్‌బార్ సరిగ్గా పెట్టాలంటే ఆ గీత కావాలని చెప్పు, అబద్ధమేం కాదు. శుక్రవారం రాత్రి ఫోన్ చెయ్యి. తొమ్మిదికి చెయ్యకు, వార్తలప్పుడు ఫోన్ ఎత్తరు.

ఉంటాను.
అమ్మ