సగం మాట చెప్పి ఫోన్ పెట్టేసిన మీ సెంటర్ మీద ఫిర్యాదు

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: వీసా మెడికల్‌లో సరిగా తీయని ఎక్స్‌రే, ఆ సంగతి నాకు తెలియజేసిన తీరు, రెండోసారి వసూలు చేసిన ఫీజు గురించి.

కెనడా పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు కోసం నేనూ మావారూ మీ సెంటర్‌లోనే మెడికల్ చేయించుకున్నాం. ఆయన రిపోర్టు ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లిపోయింది. నా విషయంలో జరిగింది కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పాను. ‘సరే మేడమ్, పైవాళ్లకి చెప్తాం’ అన్నారు. ఆ తర్వాత ఎవరూ పలకలేదు కాబట్టి రాసి పంపిస్తున్నాను.

పరీక్షలైన కొన్నాళ్లకి, ఒక శనివారం సాయంత్రం, మీ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిన అమ్మాయి తన పేరు చెప్పలేదు. ‘మేడమ్, మీ ఎక్స్‌రేలో ఏదో తేడా వచ్చిందంట, సోమవారం వచ్చి డాక్టర్ గారిని కలవండి’ అంది. ఏం తేడా అని అడిగాను. తెలీదంది. ఊపిరితిత్తులలోనా, గుండెలోనా అని అడిగాను. ‘నాకు ఇంతే చెప్పమన్నారు మేడమ్’ అంది. డాక్టర్ గారితో ఒక్క నిమిషం మాట్లాడించమంటే, ఆయన వెళ్లిపోయారని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ అమ్మాయి మీద నాకేమీ కోపం లేదు. ఏం చెప్పాలో తెలియని మనిషి చేత చెప్పించినవాళ్ల మీదే నా ఫిర్యాదు.

ఆదివారం మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. రిపోర్టులో ఏముందో ఫోన్‌లో చెప్పడం కుదరదని, అది కాన్ఫిడెన్షియల్ అని చెప్పారు. ఒప్పుకుంటాను, రోగి వివరాలు ఎవరికి పడితే వాళ్లకి చెప్పకూడదు. మరి శనివారం ఫోన్ ఎత్తింది నేనేనా కాదా అని పుట్టినతేదీ అయినా అడక్కుండానే ‘తేడా ఉంది’ అని ఎలా చెప్పారు? భయపెట్టేంత వరకు ఫోన్‌లో చెప్పొచ్చు గానీ, భయం తీరేంత వరకు చెప్పకూడదా?

వీసా మెడికల్‌కి వచ్చేవాడి టెన్షన్ ఎలా ఉంటుందో రోజూ చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆసుపత్రికి మనం ఒంట్లో బాగోలేక వెళ్తాం. ఇక్కడికి బాగానే ఉండి వస్తాం, బాగున్నామని ఇంకొకరు ఒప్పుకోవాలి. మా దరఖాస్తు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే నైపుణ్యం ఉన్నవాళ్లని పాయింట్లు చూసి కెనడా ఆహ్వానించే పద్ధతిలో, ఉంది. ఆహ్వానం వచ్చాక 60 రోజుల్లో అన్ని కాగితాలతో దరఖాస్తు పెట్టాలి. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా ముందే చేయించుకుని ఆ రుజువు దరఖాస్తుతో జతచేయాలన్న నియమం వచ్చింది. అంటే గడువు ఒకవైపు తరుగుతూ ఉంటుంది, మీ దగ్గర్నుంచి కాగితం రావాలి. అలాంటి సమయంలో ‘ఎక్స్‌రేలో తేడా’ అంటే దాని అర్థం ఏమనుకుంటాం?

టీబీ అనే అనుకుంటాం. ఆ ఎక్స్‌రే తీసేదే ముఖ్యంగా దాని కోసం. ఫిల్మ్‌లో మచ్చ కనిపిస్తే అది ఎప్పుడో వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు గుర్తా, ఇప్పుడున్న జబ్బా అన్నది ఆ ఒక్క ఎక్స్‌రేతో తేలదు. అందుకని తెమడ పరీక్ష చేస్తారు, మూడు శాంపిళ్లు తీసుకుంటారు, వాటిలో క్రిములు పెరుగుతాయేమో చూడ్డానికి కల్చర్‌కి పెడతారు. టీబీ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కల్చర్ తుది ఫలితానికి 8 వారాల దాకా పడుతుంది. ఇవన్నీ నాకు ఆ శని, ఆదివారాల్లో తెలిశాయి. రాత్రంతా ఫోన్ పట్టుకుని చదువుతూ కూర్చున్నాను. దగ్గు వస్తుందేమోనని దగ్గి చూసుకున్నాను. ఇంట్లో పిల్లవాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. వాడికి ఎందుకో అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

అదే రాత్రి ఇంకో సంగతి కూడా చదివాను. టీబీ ఉన్నట్టు తేలినా దరఖాస్తు అంతటితో పోదు. మందులు పూర్తిగా వాడి, నయమైందని నిర్ధారణ అయ్యాక ముందుకు వెళ్తుంది. పాత టీబీ మానిపోయి ఉన్నవాళ్లను కూడా రానిస్తారు. అక్కడ దిగాక 30 రోజుల్లోగా ప్రజారోగ్య అధికారులను సంప్రదించాలని షరతు పెడతారు. ఈ రెండు వాక్యాలు శనివారం ఫోన్‌లో ఎవరైనా చెప్పి ఉంటే, ఏమీ తేలకపోయినా సరే, ఆ రెండు రోజులూ వేరేగా గడిచేవి. అవి చెప్పడానికి నా రిపోర్టు తెరవక్కర్లేదు.

సోమవారం పొద్దున్నే వచ్చాను. మీ వెయిటింగ్ హాల్ నిండా జనం. కౌంటర్ వెనకనుంచి ఒకాయన ఫైలు ఎత్తి పట్టుకుని, నా పేరు పిలిచి, ‘టీబీ డౌట్ కేసు మీరేనా?’ అన్నాడు. గట్టిగానే అన్నాడు. నా పక్కన కూర్చున్నావిడ బ్యాగు సర్దుకుని లేచి వెళ్లి ఇంకో వరసలో కూర్చుంది. ఆవిణ్ణి తప్పుపట్టను, ఆ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. హెల్ప్‌లైన్‌లో నాకు చెప్పడానికి వీల్లేని కాన్ఫిడెన్షియల్ సంగతి హాలంతటికీ ఎలా చెప్పగలిగారో మీరే చెప్పాలి.

మళ్లీ ఎక్స్‌రే తీయాలన్నారు. ముందు డబ్బు కట్టి రసీదు తెమ్మన్నారు. కట్టాను. ఈసారి ఎక్స్‌రే గదిలో వేరే టెక్నీషియన్ ఉన్నారు, వయసులో పెద్దావిడ. గౌను వేసుకుని నిలబడగానే నన్ను చూసి, ‘జడ పైకి ముడేసుకోమ్మా, భుజం మీద పడకూడదు’ అన్నారు. మొదటిసారి నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. గొలుసు తీయించారు, గౌను ఇచ్చారు, ఊపిరి బిగబట్టమన్నారు, అంతే.

ఆ తర్వాత డాక్టర్ గారి గదిలో అసలు సంగతి బయటపడింది. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసి, ‘మొదటిదాంట్లో జడ నీడ పడిందమ్మా. ఇప్పుడు క్లియర్‌గానే ఉంది, వెళ్లొచ్చు’ అన్నారు. ఆయన అప్పటికే బెల్ నొక్కి తర్వాతి వాళ్లను పిలుస్తున్నారు.

నా జడ కుడి భుజం ముందుకు పడి ఊపిరితిత్తి పైభాగం మీద నీడలా కనిపించిందన్నమాట. పెద్దవాళ్లలో టీబీ మచ్చలు ఎక్కువగా కనిపించేది కూడా ఆ పైభాగంలోనే. అందుకే ఛాతీ ఎక్స్‌రేకి ముందు జుట్టు పైకి కట్టించాలన్నది ఆ పని నేర్చుకున్న ప్రతివాళ్లకీ తెలిసిన జాగ్రత్త. ఫిల్మ్ చూసినవాళ్లకి అనుమానం వస్తే మళ్లీ తీయడం సరైన పనే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువని తెలుసు, దాని మీదా గొడవ లేదు. కానీ ‘ఫిల్మ్ సరిగా రాలేదు, మరోసారి తీయాలి’ అని చెప్పాల్సిన చోట ‘మీలో తేడా ఉంది’ అని చెప్పారు. తప్పు మీ గదిలో జరిగితే, దాన్ని నా ఊపిరితిత్తుల మీద రాశారు. పైగా దానికి ఫీజు కూడా నా దగ్గరే తీసుకున్నారు.

ఇంకో విషయం. పరీక్ష జరిగినట్టు ఈమెడికల్ (మీరు రిపోర్టులు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) నుంచి తీసి ఇచ్చే ఇన్ఫర్మేషన్ షీట్ మావారికి పరీక్షలైన రోజే చేతికిచ్చారు. నాకు మాత్రం ఎక్స్‌రే క్లియర్ అయ్యాకే ఇస్తామని ఆపేశారు. ఆ షీట్ మెడికల్‌కి హాజరయ్యామనడానికి రుజువు, ఆరోగ్యం బాగుందనే సర్టిఫికెట్ కాదు. దరఖాస్తుకి జతచేయాల్సింది ఆ షీటే. మీ దగ్గర ప్యానెల్ డాక్టర్, అంటే ఈ పరీక్షలకి కెనడా గుర్తించిన డాక్టర్, పరీక్ష చేసి రిపోర్టు పంపుతారు, నిర్ణయం తీసుకునేది కెనడా ఇమిగ్రేషన్ శాఖ. ఆ నిర్ణయం ఏదో మీరే చేస్తున్నట్టు కాగితం బిగబట్టడం ఏమిటి?

రిపోర్టు కాపీ సంగతి కూడా రాయాలి. మనం ఇచ్చిన రిపోర్టులూ ఎక్స్‌రేలూ ఆ శాఖ సొత్తవుతాయి, కాపీ కావాలంటే పరీక్షకి వెళ్లిన రోజే ప్యానెల్ డాక్టర్ని అడగమని ఆ శాఖే చెబుతుంది. అడిగాను. ‘వీసా కేసులకి ఇవ్వం’ అన్నారు కౌంటర్లో. కాపీ చేతిలో ఉంటే ఆ ఆదివారమే మాకు తెలిసిన డాక్టర్ ఎవరికైనా చూపించుకునేదాన్ని.

నా సంగతి ఒక్కటే అయితే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. ఆ సోమవారం హాల్లో నా వెనక వరసలో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. కొడుకు దగ్గరికి సూపర్ వీసా (అక్కడున్న పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండడానికి తల్లిదండ్రులకి ఇచ్చేది) మీద వెళ్తున్నారట. ఆయన నన్ను మెల్లగా అడిగారు, ‘షుగర్ ఉందని రాస్తే వీసా ఇవ్వరటగా అమ్మా? మాత్రలు వేసుకుంటున్నట్టు చెప్పొద్దన్నారు ఎవరో’ అని. బీపీ చూసే నర్సు అంతకుముందే ఆయనతో ‘ఇంత బీపీతో కెనడా ఏం వెళ్తారు తాతగారూ’ అని నవ్వుతూ అందట. ఆమెకి అది సరదా మాట. ఆయనకి కాదు. అసలు భయపడుతూ కూర్చున్న మనిషికి బీపీ పెరగడం వింతేమీ కాదు, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి.

ఆయనకి నేను తెలిసినంత చెప్పాను. ఆరోగ్యం కారణంగా కెనడా వీసా నిరాకరించేది ముఖ్యంగా మూడు సందర్భాల్లో: ప్రజారోగ్యానికి ప్రమాదమైనప్పుడు, ప్రజల భద్రతకి ప్రమాదమైనప్పుడు, అక్కడి వైద్య, సామాజిక సేవల మీద మితిమీరిన భారం పడుతుందనుకున్నప్పుడు. మందులతో అదుపులో ఉన్న మామూలు షుగరూ బీపీ వల్ల వీసా పోతుందని హడలిపోవాల్సిన పని లేదు. వాడే మాత్రలు దాచడమే చిక్కు తెస్తుంది. రక్తంలో, మూత్రంలో ఒకటి కనిపించి ఫారంలో ఇంకొకటి ఉంటే మళ్లీ పరీక్షలు, ప్రశ్నలు. నిజం దాచారని తేలితే అది జబ్బు కన్నా పెద్ద సమస్య. ఇవన్నీ పక్కన కూర్చున్న నాలాంటి మనిషి చెప్పాల్సినవా? మీ గోడల మీద ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల పోస్టర్లు చాలానే ఉన్నాయి. వాటి పక్కన ఇంకో కాగితానికి చోటుంది.

నేను అడిగేది ఇది. రెండో ఎక్స్‌రేకి తీసుకున్న ఫీజు వెనక్కి ఇవ్వండి, ఎందుకంటే మొదటిది సరిగా రాకపోవడం మీ పొరపాటు. ఆ మొదటి ఫిల్మ్‌లో కనిపించింది జడ నీడేనని, నా ఊపిరితిత్తుల్లో ఏ తేడా లేదని డాక్టర్ సంతకంతో రాసివ్వండి. నా ఫైల్లో, ఈమెడికల్‌లో ఎక్కడైనా ‘టీబీ అనుమానం’ అన్న మాట మిగిలి ఉందేమో చూసి, ఏం రాసి ఉందో నాకు తెలియజేయండి. హాల్లో అలా అరిచినందుకు క్షమాపణ కావాలి, అది కూడా రాతపూర్వకంగానే.

మీ పద్ధతుల్లో మార్చుకోవాల్సింది మరీ కష్టమైనదేమీ కాదు. ఫలితంలో తేడా ఉంటే ఆ ఫోన్ డాక్టర్ గానీ, ఏముందో చెప్పగలిగిన మనిషి గానీ చేయాలి. ఎవరూ దొరక్కపోతే శనివారం సాయంత్రం చేయకండి, సోమవారం పొద్దున చేయండి. మళ్లీ తీయాల్సి వస్తే, ఫిల్మ్ బాగోలేకనా, నిజంగా ఏదైనా కనిపించా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎక్స్‌రే గది తలుపు మీద జుట్టు ముడేసుకోమని రాసి పెట్టండి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఆడవాళ్లకి నెలసరి రోజుల్లో మూత్ర పరీక్షకి రావద్దని చెప్పండి. అందులో రక్తం కనిపిస్తే మళ్లీ రమ్మంటారు, మళ్లీ ఇదే టెన్షన్ మొదలు. గర్భవతి అయి ఉండే అవకాశం ఉందా అన్న ప్రశ్న ఎక్స్‌రే గదిలో పదిమంది ముందు కాకుండా ముందే వేరుగా అడగండి.

ఈ ఉత్తరం అందిన రెండు వారాల్లోగా జవాబు ఇవ్వండి. రాకపోతే, మీ డాక్టర్‌ని ప్యానెల్‌లో పెట్టిన కెనడా ఇమిగ్రేషన్ శాఖకి ఇవే కాగితాలు పంపిస్తాను. ప్యానెల్ డాక్టర్ల సేవల మీద వచ్చే ఫిర్యాదులు వాళ్లు తీసుకుంటారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే హక్కు కూడా నాకుంది.

రెండు రసీదుల నకళ్లు, శనివారం వచ్చిన కాల్ వివరాలున్న స్క్రీన్‌షాట్, ఇన్ఫర్మేషన్ షీట్ ఏ తేదీన ఇచ్చారో చూపే కాపీ దీంతో జతచేస్తున్నాను. ఫీజు వాపసు ఏ ఖాతా నుంచి కట్టానో ఆ ఖాతాకే పంపగలరు. జవాబు మాత్రం ఈమెయిల్‌లో ఇవ్వండి, దాని మీద బాధ్యత గల అధికారి పేరూ హోదా ఉండాలి.

ఇట్లు,
మీ సెంటర్‌లో మెడికల్ చేయించుకున్న దరఖాస్తుదారు
(పూర్తి పేరు, ఫైల్ నంబరు జతచేసిన రసీదుల మీద ఉన్నాయి)